ప్రయోగశాలలో ఒక నవలా రచయిత్రి

ప్రశ్న: నేను ల్యాబులో ఉద్యోగం చేస్తూ రాత్రిపూట నవల రాసుకుంటున్నాను. ‘ది థార్న్ బర్డ్స్’ రాసిన ఆస్ట్రేలియా రచయిత్రిది కూడా ల్యాబు ఉద్యోగమేనా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అవునమ్మా. 1937లో న్యూ సౌత్ వేల్స్‌లోని వెల్లింగ్టన్‌లో పుట్టిన కాలీన్ మెకల్లో డాక్టరు కావాలనుకున్నారు గాని, శస్త్రచికిత్సకు ముందు చేతులు కడిగే సబ్బు ఒంటికి పడక చర్మవ్యాధి రావడంతో ఆ చదువు మానుకుని, నాడీవ్యవస్థ పనితీరును పరిశీలించే శాస్త్రం వైపు మళ్ళారు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో సుమారు పదేళ్ళు పరిశోధన, బోధన సాగిస్తూనే 1974లో తొలి నవల ‘టిమ్’ వెలువరించారు.

1977లో వచ్చిన ‘ది థార్న్ బర్డ్స్’ పేపర్‌బ్యాక్ హక్కులు 19 లక్షల డాలర్లు పలికాయి. అప్పటికి అది రికార్డు. ప్రేమకథగానే దానికి పేరొచ్చినా, నా మట్టుకు అందులో బలమైనది నేల. వానల్లేక ఎండిపోయిన గడ్డి మీద పిడుగు పడి, మంటలు గొర్రెల మేతభూములను చుట్టుముట్టే ఘట్టం, మేత వెతుక్కుంటూ మందలు తోలుకుపోయే కాపరులను ఏటా చూసే మీ జిల్లావారికి పరాయిదిగా తోచదు.

తరువాత నార్ఫోక్ దీవిలో స్థిరపడిన ఆమె ప్రాచీన రోము చరిత్ర మీద 1990 నుంచి 2007 వరకు ఏడు బృహన్నవలలు రాశారు. చూపు మందగించినా రచన ఆపలేదు. 2015లో ఆ దీవిలోనే కన్నుమూశారు.