సుస్థిరత ఆలోచన 1987లోనే పుట్టిందా? మా తాత నీరటి పని చూసినవాడిగా నా జవాబు

సుస్థిర అభివృద్ధి, అంటే రేపటి తరాలకు లోటు రాకుండా ఈనాటి అవసరాలు తీర్చుకోవడం అనే ఆలోచన, 1987లో వచ్చిన ఐక్యరాజ్యసమితి బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదికతోనే మొదలైందా, అంతకుముందు లేదా అని అడిగారు. ఆ మాట ప్రపంచమంతా పాకింది ఆ నివేదికతోనే, కానీ ఆలోచన పాతది. 1713లోనే జర్మనీలోని సాక్సనీలో గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్, గనులకూ కొలుములకూ కలప కరువవుతుంటే, నరికినంత మళ్లీ పెంచాలని పుస్తకం రాశాడు.

నాకైతే ఇది మా తాత దగ్గరే తెలిసింది. వరంగల్ వైపు మా ఊరి చెరువుకు ఆయన నీరటి. తూము ఎప్పుడు తీయాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పోవాలి అన్నీ ఆయనే చూసేవాడు. కట్ట మీద నడుస్తూ ఎండ్రకాయ బొక్క కనిపిస్తే అక్కడే కూర్చుని తడిమట్టి తొక్కి పూడ్చేవాడు. చెరువు నిండి మత్తడి (మిగులు నీరు పొర్లిపోయే అలుగు) దుంకని ఏడాది ఆయకట్టు మొత్తం నాటనిచ్చేవారు కాదు. ఊరు కూర్చుని, ఈసారి ఇంతవరకే అని ఒప్పుకునేది.

చాలా ఏళ్లకు కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి చదివి ఆశ్చర్యపోయాను. 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించినది. మంచి చెరువుకు కావలసినవి పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని అందులో చెక్కించారు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల దోషాలే. నీళ్లు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం కూడా దోషమే. మా తాత మత్తడి చూసి చెప్పిన లెక్క ఇదే కదా!

అయితే పాతదంతా బంగారమని నేననను. కాలువ చివరి మడులు ఎప్పుడూ పేదవాళ్లవే, కరువొస్తే ముందు ఎండేవీ అవే. బోర్లు వచ్చాక కాలువ మొదట్లో పొలాలున్నవాళ్లకు చెరువుతో పని లేకుండా పోయింది. కల్లంలో నీరటికి కొలిచే వడ్లు ఆగాయి, తాత తర్వాత ఆ పని ఎవరూ తీసుకోలేదు, చెరువు పూడిపోయింది.

తెలంగాణ ప్రభుత్వ చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక తీశారు. ఆ నల్లమట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నాం, నీళ్లూ నిలిచాయి. తూము తీసే బాధ్యత ఎవరిదో మాత్రం ఇంకా తేలలేదు. పోయిన యాసంగిలో ఎవరికి వీలైనప్పుడు వాళ్లు తీశారు. చివరి మడుల్లో వరి పొట్ట దశలోనే ఎండిపోయింది.