దిమ్మె మీద నిలబెట్టిన పాత డీజిల్ ఇంజన్ ఒకప్పుడు మా తాతగారు నడిపినదేనా, తెలుసుకోవడం ఎలా?

మీ ప్రశ్న ఇది: రైల్వే ఆఫీసు ముందు రంగులు వేసి నిలబెట్టిన డబ్ల్యూడీఎం-2 ఇంజన్ చరిత్ర కావాలి, కాజీపేటలో డ్రైవరుగా చేసిన మీ తాతగారు దాన్ని నడిపారో లేదో తెలియాలి. ముందు ఇంజన్ సంగతి పక్కన పెట్టి, మీ ఇంటి అటక ఎక్కండి.

నేను ఇంజన్లను నిలిపి మరమ్మతు చేసే డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేరి అక్కడే రిటైరయ్యాను. ఆ రోజుల్లో చాలామంది డ్రైవర్ల జేబులో చిన్న డైరీ ఉండేది. నడిపిన కిలోమీటర్లను బట్టి అలవెన్సు వచ్చేది, దాన్ని మేం మైలేజీ అనేవాళ్లం. జీతంలో తేడా వస్తే గుమాస్తా ముందు పెట్టి అడగడానికి డ్యూటీ ఎక్కిన వేళ, రైలు నంబరు, ఇంజన్ నంబరు, దిగిన వేళ రాసి పెట్టుకునేవారు. కొన్నేళ్ల క్రితం, కాలం చేసిన ఒక డ్రైవరుగారి అబ్బాయి సరిగ్గా మీలాంటి ప్రశ్నతోనే నా దగ్గరకు వచ్చాడు. వాళ్ల ట్రంకుపెట్టెలో పాత ఎల్ఐసీ డైరీలు దొరికాయి. ఒక పేజీలో ఇంజన్ నంబరు కింద ఎర్ర సిరాతో గీత, పక్కన ‘టర్బో’ అన్న ఒక్క మాట. అంతే. షెడ్డులో పనిచేసినవాడికి అది చాలు. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో దెబ్బతింటే గాలి చాలదు, నల్లటి పొగ కక్కుతూ లోడు లాగలేక చతికిలబడుతుంది. ఆ రాత్రి ఆయన ఏ అవస్థ పడ్డారో వాళ్ల అబ్బాయికి అప్పటిదాకా తెలియదు.

షెడ్డు రిజిస్టర్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. నేను వెళ్లి అడిగిన చోట పాతవన్నీ ఎప్పుడో తూకానికి వెళ్లిపోయాయి. గడువు దాటిన కాగితాన్ని దాచే అలవాటు మనకు తక్కువ.

ఇక నంబరు. చాలామంది ఇక్కడే తికమక పడతారు. డబ్ల్యూడీఎం-2 వరుస 18040తో మొదలైంది, అమెరికాలోని ఆల్కో కంపెనీ 1962లో పంపినవి అవి. వారణాసి డీజిల్ కార్ఖానా నుంచి 1964 జనవరిలో బయటికొచ్చిన తొలి బండి (ఇంజన్‌నే మేం బండి అంటాం) 18233. తరువాత వరుస ముందుకే సాగకుండా 17 వేలలోకి, ఆపైన 16 వేలలోకి వెళ్లింది. కాబట్టి 16 వేల బండి 18233 కంటే వయసులో చిన్నది. ఇది చాలదన్నట్టు 17000 నుంచి 17099 దాకా ఉన్న వంద బండ్లూ అసలు ఈ రకమే కావు, 1957 నుంచి వచ్చిన డబ్ల్యూడీఎం-1లు. నంబరు చివర ‘ఆర్’ అక్షరం కనిపిస్తే అది పటియాలా కార్ఖానాలో తిరిగి కట్టిన బండి. అక్కడ బిగించిన లోహపు ప్లేటు మీద ఉన్న ఏడాది దాని పునర్జన్మదే కానీ పుట్టిన ఏడాది కాదు.

ప్లేటు మీద రంగు పూతలు పేరుకుపోయి ఉంటే గీకకండి. సాయంత్రం చీకటి పడ్డాక టార్చిలైటును ప్లేటుకు పక్కగా, దాదాపు ఆనించి పట్టుకుంటే ఉబ్బెత్తు అక్షరాల నీడలు పడతాయి, అప్పుడు ఫోటో తీయండి. క్యాబ్ పక్కన నంబరు దగ్గర రాసే షెడ్డు పేరు కూడా అలాగే చూడండి. కొత్త రంగు పెచ్చు లేచిన చోట కింద పాత షెడ్డు అక్షరం ఒకటి రెండు కనిపించవచ్చు. పైన మెరుస్తున్న రంగులను మాత్రం నమ్మకండి. నిలబెట్టేటప్పుడు పెయింటరుకు ఇచ్చే డబ్బాలు ఆ బండి సర్వీసులో ఉన్నప్పటి రంగులే కానవసరం లేదు.

ప్లేట్లలోనూ తేడా ఉంది. ఇంజన్ బ్లాకు, టర్బో, చక్రాలను తిప్పే ట్రాక్షన్ మోటార్లు, బోగీలు (పెట్టెలు కావు, ఇంజన్ కింద చక్రాలుండే చట్రాలు), వేటి నంబరు వాటికే ఉంటుంది. అవన్నీ షెడ్డులో ఒక బండి నుంచి ఇంకో బండికి మారుతూనే ఉంటాయి. బండి మరమ్మతు అయ్యేదాకా లైను ఆగదు కదా, సిద్ధంగా ఉన్న మోటారు బిగించి పంపేసేవాళ్లం. అందుకని లోపల ఎక్కడో కనిపించిన ఏడాది చూసి ఇంజన్ మొత్తం అప్పటిదే అనేయకండి. ఆధారంగా తీసుకోవలసింది అండర్‌ఫ్రేమూ (బండి మొత్తాన్ని మోసే అడుగు చట్రం), బండి నంబరూ.

మీ ప్రశ్నలో ఇంకో చిక్కు ఉంది. పక్కన కాజీపేట అని రాసి ఉంటేనే తాతగారిది, గుత్తి అనో మౌలాలి అనో ఉంటే కాదు అనుకుంటున్నట్టున్నారు. ఆవిరి ఇంజన్ల కాలంలో ఒక ఇంజన్‌కు ఒక జట్టు అనే పద్ధతి ఉండేది, డ్రైవర్లు ‘నా బండి’ అనేవారు. డీజిల్ వచ్చాక అది పోయింది. బండి దూరదూరాలు పోతుంది, డ్రైవర్లు మధ్యలో మారుతుంటారు. గుత్తి షెడ్డు బండిని కాజీపేట డ్రైవరు నడపడం మామూలే. పైగా విద్యుదీకరణ జరిగిన కొద్దీ డీజిల్ బండ్లు ఇంకో లైనుకు, ఇంకో షెడ్డుకు మారిపోయేవి. కొత్తవలస–కిరండూల్ లైనులో ఇనుప ఖనిజం బండ్లను ఒకప్పుడు జతకట్టిన డబ్ల్యూడీఎం-2లే లాగేవి, 1980 దశకం తొలినాళ్లలో అక్కడా కరెంటు వచ్చింది. అందుకే తాతగారి సర్వీసు ఏళ్లను ఒక కాగితం మీద, బండి ఏ ఏళ్లలో ఎక్కడ ఉందో ఇంకో కాగితం మీద రాసుకుని పక్కపక్కన పెట్టి చూడండి.

ఆ రెండో కాగితం నింపడానికి ఇంజన్ నంబర్లు, షెడ్ల జాబితాలు ఏళ్ల తరబడి సేకరిస్తున్న ఐఆర్‌ఎఫ్‌సీఏ (భారతీయ రైల్వే అభిమానుల సంఘం) వాళ్లు పనికొస్తారు, రైల్వే అధికారుల కంటే త్వరగా చెబుతారు. అక్కడా దొరకకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడగండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ‘మా తాతగారు దీన్ని నడిపారా’ అని రాస్తే మాత్రం సమాచారం లేదనే ఒక్క ముక్కతో సరిపెడతారు. ఇంజన్ నంబరు వేసి, అది సర్వీసులోకి వచ్చిన తేదీ, బదిలీ అయిన షెడ్లు, కండెమ్ చేసిన (పనికిరాదని సర్వీసు నుంచి తీసేసిన) తేదీ, ఇప్పుడున్న చోటికి తెచ్చిన ఉత్తర్వు కాపీ, ఈ నాలుగూ విడివిడిగా అడగండి. నాకు తెలిసినంతలో ఆ ఉత్తర్వే తేలిగ్గా దొరుకుతుంది, ఎందుకంటే అది ఇటీవలి కాగితం. బండి ఏ షెడ్డు నుంచి వచ్చిందో అందులో ఉండే అవకాశం ఎక్కువ.