పాఠకుల ప్రశ్నలు: మెక్సికో జెండా మీది గద్ద

ప్రశ్న: ఫుట్‌బాల్ పోటీల్లో ఇటలీ, మెక్సికో జెండాలు ఒకేలా కనిపించాయి. ఒకరిని చూసి మరొకరు పెట్టుకున్నారా? మెక్సికో జెండా మధ్యలో పామును పట్టుకున్న గద్దకు అర్థమేమిటి? మా అబ్బాయి అది గరుత్మంతుడే అని వాదిస్తున్నాడు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మెక్సికో రంగులకు మూలం ఇటలీలో లేదు, ఆ దేశపు స్వాతంత్ర్య పోరాటంలోనే ఉంది. 1821 ఫిబ్రవరి 24న సేనాని అగుస్తీన్ దె ఇతుర్బీదె ప్రకటించిన ఇగ్వాలా ప్రణాళిక మూడు హామీలిచ్చింది: స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం, కాథలిక్ మతానికి రక్షణ, ఐరోపా సంతతికీ స్థానికులకూ మధ్య ఐక్యత. ఈ హామీల కోసం నిలిచిన ఆయన సైన్యం జెండాలో ఆకుపచ్చ స్వాతంత్ర్యానికి, తెలుపు మతానికి, ఎరుపు ఐక్యతకు గుర్తులయ్యాయి. మెక్సికోలో ఇప్పటికీ జెండా దినోత్సవం ఫిబ్రవరి 24నే.

అయితే పందొమ్మిదో శతాబ్దం మధ్యలో అధ్యక్షుడు బెనీతో హ్వారెస్ కాలపు సంస్కరణలు చర్చిని ప్రభుత్వం నుంచి వేరుచేశాక, తెలుపును మతానికి గుర్తుగా చెప్పుకోవడం ఇబ్బందైంది. రంగులు అలాగే ఉండిపోయాయి, అర్థాలు మారాయి: ఆకుపచ్చ ఆశ, తెలుపు ఐక్యత, ఎరుపు వీరుల రక్తం. ఇది మనకూ తెలిసిన కథే. 1921లో పింగళి వెంకయ్యగారు గాంధీజీకి చూపిన జెండాలో ఎరుపు, ఆకుపచ్చలు హిందువులకూ ముస్లింలకూ గుర్తులు కాగా, 1931లో కాంగ్రెసు త్రివర్ణాన్ని ఆమోదిస్తూ రంగులకు మతపరమైన అర్థం లేదని స్పష్టంగా చెప్పవలసి వచ్చింది. మెక్సికో 1984 నాటి జెండా చట్టమైతే కొలతలూ వరుసా చెప్పి, రంగుల అర్థం జోలికే పోలేదు. నా దృష్టిలో అది తెలివైన మౌనం.

చిహ్నం విషయంలో మాత్రం ఆ చట్టం అంగుళం అంగుళం వర్ణిస్తుంది. గద్ద ఎడమ పక్క ముఖం మనకు కనిపించాలి. ఎడమ కాలు పూసిన నాగజెముడు మీద మోపి, కుడి కాలితోనూ ముక్కుతోనూ పామును పట్టుకుని ఉండాలి. ఆ మొక్క ఒక రాతి మీద, ఆ రాయి సరస్సు నీటిలో ఉండాలి. కింద అర్ధవలయంగా ఓక్ కొమ్మ, లారెల్ కొమ్మ, వాటిని కలిపి కట్టిన మూడు రంగుల రిబ్బను. (మన చేలగట్ల మీద కంచెగా పెరిగే నాగజెముడు కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్కే.)

గద్ద నాగజెముడు మీద వాలిన చోట నగరం కట్టుకోండని హువిట్సిలోపోచ్ట్లీ దేవుడు తమ పూర్వులకు చెప్పాడని, అలా 1325లో టెష్కోకో సరస్సులోని దీవి మీద టెనోచ్‌టిట్లాన్ వెలిసిందని మెషికా (అజ్టెక్) ప్రజల గాథ. నేటి మెక్సికో నగరం ఆ చోటనే ఉంది. రాతి మీద నాగజెముడు వారి చిత్రలిపిలో ఆ ఊరి పేరే కాబట్టి, ఈ చిహ్నాన్ని ఊరి పేరుపలక అనుకున్నా తప్పులేదు.

ఇక పాము సంగతి మీ అబ్బాయికి చెప్పండి. మెషికా చరిత్రను బొమ్మల్లో చెప్పే పదహారో శతాబ్దపు మెండోసా చిత్రగ్రంథం మొదటి పుటలో గద్ద ఉంది, నాగజెముడు ఉంది, పాము లేదు. అంతకు ముందటి ఒక మెషికా శిల్పంలో గద్ద ముక్కు నుంచి వెలువడేది నీరూ నిప్పూ పెనవేసుకున్న గుర్తు; వారికి అది యుద్ధ సంకేతం. దానినే తరువాతివారు పాముగా చదివి ఉంటారని కొందరు పరిశోధకుల అభిప్రాయం. గరుత్మంతుడితో పోలిక యాదృచ్ఛికమే.

ఇతుర్బీదె చక్రవర్తి అయినప్పుడు గద్దకు కిరీటం పెట్టారు. 1823లో ఆయన పతనంతో అదీ పోయింది. ఇప్పటి బొమ్మ 1968 నాటిది. ఇటలీ జెండా మీద కూడా రాజవంశపు డాలు ఉండేది, 1946లో రాచరికంతో పాటు తొలగిపోయింది. దూరం నుంచి గద్ద కనిపించకపోతే ఆకారం చూడండి: మెక్సికో జెండా ఎత్తు, పొడవుల నిష్పత్తి 4:7, ఇటలీది 2:3, మెక్సికో ఆకుపచ్చ కాస్త ముదురు.