అమ్మాయిని బ్యాడ్మింటన్‌కు పంపండి, బైపీసీ మాన్పించకండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతోంది. ఎనిమిదో తరగతిలో ఉండగా రోడ్డు ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి పైదాకా తీసేశారు. కృత్రిమ కాలితో నడుస్తుంది. ఇప్పుడు పారా బ్యాడ్మింటన్ నేర్చుకుంటానని పట్టుబడుతోంది. చదువు దెబ్బతింటుందేమోనని, పడిపోతే ఉన్న కాలికీ గాయమవుతుందేమోనని మా భయం. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: తప్పకుండా పంపండి. అంత ప్రమాదం చూసిన తండ్రికి భయం ఉండడం సహజమే. కానీ ఆమెను ఇంట్లో కూర్చోబెడితే జరిగే నష్టం ఇంకా పెద్దది. మోకాలి పైన కాలు తీసేసినవారికి నడకే పెద్ద శ్రమ. ఆ భారమంతా తుంటి, నడుము కండరాలు మోస్తాయి. కదలిక తగ్గితే అవి నీరసపడతాయి, ఒళ్లు పెరుగుతుంది. ఒళ్లు పెరిగితే సాకెట్ (మిగిలిన తొడ భాగం అమరే కృత్రిమ కాలి తొడుగు) బిగుసుకుని నొప్పి పెడుతుంది, దాంతో నడక మరింత తగ్గుతుంది. ఆట ఆడేవారికి ఆ కండరాలు గట్టిపడతాయి, శరీరం నిలదొక్కుకోవడం అలవాటవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, తనలాంటి పిల్లల మధ్య ఎవరి జాలి చూపులూ లేకుండా గెలుపోటములు అనుభవిస్తుంది. ఆ వయసు పిల్లకు మనం ఎంత ధైర్యం చెప్పినా దానికి సాటిరాదు.

ఇక ఆట సంగతి. పారా బ్యాడ్మింటన్‌లో వైకల్యాన్ని బట్టి విభాగాలుంటాయి. మీ అమ్మాయి బహుశా ఎస్‌ఎల్‌3లోకి, అంటే నిలబడి ఆడేవారిలో కాలి వైకల్యం ఎక్కువగా ఉన్నవారి విభాగంలోకి వస్తుంది. తుది నిర్ణయం పోటీలకు ముందు పరీక్షించే వర్గీకరణ నిపుణులది. ఈ విభాగం సింగిల్స్‌ను నిలువుగా సగం కోర్టులోనే ఆడతారు. అందుకే పక్కలకు పరుగెత్తే పని తక్కువ, ముందుకూ వెనక్కూ కదలడమే ఎక్కువ.

హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో శిక్షణ పొందిన ఎస్‌ఎల్‌3 క్రీడాకారిణి మానసి జోషి గురించి మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం చేస్తుండగా 2011లో ప్రమాదంలో కాలు కోల్పోయారు. 2019లో బాసెల్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యారు. అయినా టోక్యో పారాలింపిక్స్‌లో సింగిల్స్ ఆడలేకపోయారు. కారణం, అక్కడ మహిళల ఎస్‌ఎల్‌3 సింగిల్స్ పోటీయే పెట్టలేదు. ప్యారిస్‌లో చేర్చారు. ఎంత ప్రతిభ ఉన్నా ఇలాంటివి మన చేతిలో ఉండవు కాబట్టే, పతకం మీదే జీవితాన్ని పందెం కాయవద్దంటాను.

కాబట్టి బైపీసీ కొనసాగించాలి. ఫిజియోథెరపీ ఒక దారి. కృత్రిమ అవయవాలు తయారుచేసే ప్రోస్థటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ డిగ్రీ ఇంకో మంచి దారి. కటక్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ, పరిశోధన సంస్థలో ఈ కోర్సు ఉంది. సాకెట్ ఎక్కడ ఒరుసుకుంటుందో స్వయంగా తెలిసిన మనిషి ఆ వృత్తిలోకి వస్తే రోగులకు ఎంత మేలో ఆలోచించండి. యూడీఐడీ కార్డు (దివ్యాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) లేకపోతే వెంటనే దరఖాస్తు చేయండి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం రిజర్వేషన్ ఉన్నాయి.

ఖరీదైన క్రీడా కాలు ఇప్పుడే కొనవద్దు. ముందు డాక్టరుకూ, కాలు తయారుచేసినవారికీ చూపించి, ఉన్న కాలితోనే వారానికి రెండు మూడు రోజులు ఆడనివ్వండి. ఆడి వచ్చాక సాకెట్ తీసి, చెమట తుడిచి, చర్మాన్ని చూడమనండి. ఎర్రదనం పావుగంట దాటినా తగ్గకపోతే మళ్లీ ఆడేలోపు సాకెట్ సరిచేయించాలి.