కణం ఆగిందా, ఆగిపోయిందా?

సందేహం: మా వాడు హన్మకొండలో తెలుగు మీడియంలో ఇంటర్ చదువుతున్నాడు. లెక్కలో వేగం సున్నా వచ్చిన చోట 'కణం తక్షణం ఆగిపోతుంది' అని రాస్తే, సారు కొట్టేసి 'ఆ క్షణాన వేగం సున్నా' అని దిద్దారు. రెండూ ఒకటే కదా?

సమాధానం: ఒకటి కాదండీ, సారు దిద్దిందే సరైనది. కాజీపేటలో రైలు ఆగింది అంటే ఎప్పటిలా ఆగింది, మళ్లీ కదులుతుంది. అదే ఆగిపోయింది అన్నామో, ఇంజనుకో సిగ్నలుకో ఏమైందోనని వినేవాళ్లకు టెన్షన్. 'పో' చేరితే అనుకోకుండా జరిగిందనో, ఇక అంతేననో అర్థం వస్తుంది.

కణానికి అలాంటిదేమీ కాలేదు. కాలం ఘనంలోంచి కాలం వర్గానికి 6 రెట్లు తీసేసి, కాలానికి 9 రెట్లు కలిపితే వచ్చినన్ని మీటర్లు కణం స్థానం అనుకోండి. దాన్ని కాలం దృష్ట్యా అవకలనం చేస్తే, అంటే ఏ క్షణాన స్థానం ఎంత జోరుగా మారుతోందో లెక్కగడితే, వేగం వస్తుంది, అది 1 సెకను దగ్గర సున్నా. 0.9 సెకన్ల దగ్గర ప్లస్ 0.63, 1.1 దగ్గర మైనస్ 0.57. అంటే ముందుకు పోతున్న కణం 4 మీటర్ల దగ్గర వెనక్కి మళ్లింది, అక్కడ రవ్వంత సేపు కూడా నిలబడలేదు. అందుకే 'కాసేపు ఆగింది' అన్నా నేను ఒప్పుకోను.

ఇక 'తక్షణం'. తత్ క్షణం, అంటే ఆ క్షణం. పుస్తకంలో 'తక్షణ వేగం' అన్నది ఈ అర్థంలోనే. కానీ వాడుకలో 'తక్షణం రా' అంటే వెంటనే రమ్మని, కాబట్టి మీవాడి వాక్యం 'కణం వెంటనే ఆగిపోతుంది' అని చదివిస్తుంది.

ఇదే లెక్కలో ఇంకో చిక్కుంది. 1 నుంచి 2 సెకన్లకు వచ్చేసరికి వేగం సున్నా నుంచి మైనస్ 3కి పోతుంది. 'వేగం తగ్గింది' అంటే గుర్తుతో చూస్తే నిజమే గానీ, చదివేవాళ్లు కణం నెమ్మదించిందనుకుంటారు, నిజానికి ఇంకా జోరందుకుంది. దిశ లెక్కలోకి రానిదాన్ని పుస్తకాల్లో వడి అంటారు, ఇక్కడ 'వడి పెరిగింది' అని రాయమనండి.

'వేగం సున్నా, కాబట్టి మళ్లింది' అని కూడా తొందరపడొద్దు. స్థానం వట్టి కాలం ఘనమే అయితే సున్నా సెకను దగ్గర వేగం సున్నాయే, కానీ అటూ ఇటూ ప్లస్సే, కణం అదే దిక్కున సాగుతుంది. గుర్తు మారిందని చూపించాకే 'మళ్లింది' అనాలి.