మా బావి ఇంజనుకి గ్లూకోజ్ ఎక్కించారు

"నా పాత బైకు మిట్ట ఎక్కేటప్పుడు టకటక కొడుతోంది, గాలితోపాటు కాసిని నీళ్లు పంపితే తగ్గుతుందంటున్నారు, నిజమా?" అని కదా మీ ప్రశ్న. నిజమే. నవ్వేవాళ్లని నవ్వనీండి.

మాది కందుకూరు పక్క, మన్నేరు దగ్గర. పెట్రోలుతో స్టార్టు చేసి కిరసనాయిలు మీదికి మార్చే ఇంజను ఉండేది. పొగాకు నారుమళ్లకు తడి పెట్టే రోజుల్లో, మధ్యాహ్నం ఎండకి, బావిలో నీళ్లు కిందికి దిగి లోడు పడిందంటే చాలు, రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు మోత. కిరసనాయిలుకి ఆక్టేన్, అంటే తనంతట తాను అంటుకోకుండా ఓర్చుకునే గుణం, తక్కువ. ప్లగ్గు దగ్గర పుట్టిన మంట చేరేలోపే సిలిండర్ మూల మిగిలిన ఇంధనం వేడికి దానంతటదే అంటుకుంటుంది, ఆ మోత అదే. పైగా మాది రేషన్ నీలి కిరసనాయిలు, అందులో డీలరు ఇంకేం కలిపేవాడో.

పిస్టన్ మార్చమంటాడేమోనని మా నాయన భయపడుతుంటే, మేస్త్రీ వచ్చి, ఆర్ఎంపీ డాక్టరు దగ్గర వాడేసిన సెలైన్ సీసా, పైపు తెప్పించాడు. సీసా నిండా నీళ్లు పోసి వేపకొమ్మకి కట్టి, సూదిని కార్బురేటర్‌లోకి గాలి పోయే చోట దూర్చి, సెలైన్ పైపుకుండే చిన్న చక్రం తిప్పాడు. చుక్క, చుక్క, చుక్క. కాసేపటికి గులకరాళ్ల మోత పోయి మామూలు డుగుడుగు ఒక్కటే మిగిలింది. "దానికి జ్వరం అబ్బయా, గ్లూకోజ్ ఎక్కించా" అన్నాడు.

ఆయన చదివింది ఐదో తరగతి. గ్రాము నీళ్లు ఆవిరి కావడానికి 540 కేలరీల దాకా వేడి లాగేస్తాయని ఆయనకి ఎవరూ చెప్పలేదు, కానీ పని చేసింది ఆ చలవే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఫైటర్ విమానాల ఇంజన్లలోకి నీళ్లూ, మిథనాల్ అనే ఆల్కహాలూ సగం సగం కలిపి చిమ్మారు. 2016లో బీఎండబ్ల్యూ వాళ్లు ఎం4 జీటీఎస్ కారులో ఇందుకే నీళ్ల ట్యాంకు పెడితే అబ్బో టెక్నాలజీ, మా మేస్త్రీ చేస్తే నాటువైద్యం! నీళ్లతోనే బండి నడుస్తుందని కిట్లు అమ్మేవాళ్లు ఇంకో రకం. నీళ్లు ఇంధనం కాదు బాబూ, వాళ్ల వల్లే అసలు విషయానికి పరువు పోయింది.

ఒకరోజు సాయంత్రం ఇంజను ఆపి సెలైన్ పైపు చక్రం బిగించడం మర్చిపోయాను. రాత్రంతా చుక్కలు పడి సిలిండర్‌లోకి నీళ్లు దిగాయి. పొద్దున మా నాయన తాడు లాగితే కదల్లేదు. ప్లగ్గు విప్పి లాగితే పిచికారీ కొట్టినట్టు ఆయన పంచె మీదే చిమ్మాయి. తాడు చేతిలో పట్టుకుని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. దానికితోడు మా బావివి ఉప్పునీళ్లు, ప్లగ్గు మొనకి తెల్లగా పొర కట్టేది. డిస్టిల్డ్ వాటర్ పోయాలని అప్పట్లో మాకెవరికి తెలుసు.

మీ బైకుకి మాత్రం ముందు హెడ్డు విప్పించి మసి గీకించండి, ప్లగ్గు నిప్పురవ్వ వేసే టైమింగు చూపించండి. అప్పటికీ తగ్గక సెలైన్ పైపు దాకా వెళ్తే, ముందు నీళ్లు కట్టేసి, తర్వాతే ఇంజను ఆపండి.