ముందు నెట్ తిన్నగా రానీ, వీపీఎన్ సంగతి తర్వాత

చిరంజీవి చిన్నాకి, బాబాయ్ ఆశీస్సులు.

రాజమండ్రి ఆఫీసుకి కొత్త రౌటర్ కొన్నానని, రెండు నెట్ లైన్లు పెట్టి కాకినాడ బ్రాంచికి వీపీఎన్, అంటే నెట్ మీదుగా రెండు ఆఫీసుల్నీ కలిపే రహస్య దారి, కలపాలని రాశావు. బాగానే ఉంది గానీ, డబ్బా విప్పిన రోజే వీపీఎన్ పేజీ తెరిచి కూర్చున్నావంటే నవ్వొచ్చింది. చిన్నప్పుడు కూడా పుస్తకానికి అట్ట వేయకుండానే ఆఖరి పాఠం చదివేవాడివి.

ముందు ఒక్క లైనే పెట్టు. రెండోది ముట్టుకోకు. ఫైబర్ వాళ్లు గోడకి బిగించిన డబ్బా కూడా ఒక రౌటరే. దాని వెనక నీది తగిలిస్తే నెట్ వస్తుంది, యూట్యూబ్ ఆడుతుంది, అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ బయటి నుంచి వచ్చే వీపీఎన్ ఆ డబ్బా దగ్గరే ఆగిపోతుంది. అందుకే వాళ్లకి ఫోన్ చేసి దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే అది రౌటర్ పని మానేసి లైన్‌ని నేరుగా నీ రౌటర్‌కే అందించేలా, పెట్టమను. పీపీపీఓఈ (వాళ్ల లైన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వాళ్లు లైన్‌కి వీలాన్ నంబర్ అని గుర్తు ఏదైనా ఇస్తే అదీ అడిగి కాగితం మీద రాసుకో. అవి నీ రౌటర్‌లో వాన్ 1 (మొదటి బయటి లైన్) కింద ఇవ్వాలి. ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్‌లో ఎన్ని బైట్ల దాకా పట్టాలన్న లెక్క, 1492 ఉందో లేదో చూడు. పీపీపీఓఈ తన కోసం 8 బైట్లు తీసుకుంటుంది కాబట్టి 1500 పెడితే కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని సగంలో వేలాడతాయి. తప్పెక్కడుందో తెలియక జుట్టు పీక్కుంటావు.

నెట్ వచ్చాక స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (బయటి వైపు నీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రసు) చూడు. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, ఆ అడ్రసు నీ ఒక్కడిది కాదు. కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతోందని అర్థం. అప్పుడు స్టాటిక్ ఐపీ, అంటే మారకుండా నీకొక్కడికే ఉండే అడ్రసు, కొనాల్సిందే. రెండు ఊళ్లలోనూ అక్కర్లేదు. రాజమండ్రిలో ఉంటే చాలు, కాకినాడ రౌటరే ఇటు పిలిచి కలుస్తుంది.

ఇక రెండో లైన్. వేరే కంపెనీదే కాదు, వేరే దారిలో వచ్చేది తీసుకో. నేను పెట్టిన ఒక ఆఫీసులో రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీద ఉండేవి. లారీ గుద్దితే రెండూ ఒకేసారి పోయాయి. ఆ రోజు నాకు పడిన తిట్లు ఇంకా గుర్తున్నాయి.

రెండు లైన్లనీ కలిపి వాడే లోడ్ బ్యాలెన్స్ మీద నీకు మోజుంటుంది. వద్దు. మధ్యలో ఐపీ మారితే బ్యాంకు సైట్లు లాగౌట్ చేసేస్తాయి. 20వ తేదీన జీఎస్టీ రిటర్నులు వేసేటప్పుడు ఆ టెన్షన్ నీకెందుకు? ఒకటి పోతే రెండోదానికి మారే ఫెయిలోవరే పెట్టు. లైన్ బతికుందో లేదో చూసే పింగ్ అడ్రసుగా 8.8.8.8 (గూగుల్ వాళ్లది) లాంటి బయటిది ఇవ్వు. ముందున్న డబ్బా అడ్రసు ఇస్తే, ఊళ్లో ఫైబర్ తెగినా అది పలుకుతూనే ఉంటుంది, రౌటర్ మాత్రం మారదు. పెట్టాక నమ్మేయకు, మొదటి కేబుల్ పీకి చూడు.

వీపీఎన్‌కి ముందు ఇంకొక్క పని. రెండు ఆఫీసుల్లోనూ లోపలి అడ్రసులు 192.168.1 అయితే ఏ ప్యాకెట్ ఎటు వెళ్లాలో రౌటర్‌కి తెలియదు. ఇక్కడ 192.168.10, అక్కడ 192.168.20 పెట్టు. వీపీఎన్ రకాల్లో పాతదైన పీపీటీపీ కనిపించినా ఎంచుకోకు, దాని భద్రత ఎప్పుడో పోయింది. ఐపీసెక్ గానీ వైర్‌గార్డ్ గానీ వాడు.

ఫైర్‌వాల్‌లో (బయటి వాళ్లని ఆపే కాపలా) బయటి నుంచి మేనేజ్‌మెంట్, అంటే రౌటర్ సెట్టింగులు మార్చే వీలు, ఆపెయ్, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చు. వైఫైలో డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపేది) తీసెయ్. వచ్చిన క్లయింట్లకి గెస్ట్ వైఫై ఇవ్వు. అన్నట్టు, రౌటర్‌ని ఒక్కదాన్నే యూపీఎస్‌కి తగిలిస్తారు అందరూ. గోడ మీద డబ్బాకి కరెంటు లేకపోతే ఏం లాభం? రెండూ పెట్టు.

అంతా కుదిరాక సెట్టింగుల బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకో. ఈ లోపు ఆ వాన్ స్టేటస్ పేజీ ఫొటో తీసి పంపు, చూసి చెప్తాను. పాస్‌వర్డ్ కనిపించకుండా తియ్యి.

నీ బాబాయ్